వరాలు దిగిన మూడు రేవులు

అనగనగా గోదారి పాయ పక్కన ఒక ఊరు, బంగారుతల్లీ. ఆ ఊరికి రోడ్డు లేదు. ఎక్కడికి పోవాలన్నా లాంచీ ఎక్కవలసిందే. ఆ రేవులో లాంచీ తాడు అందుకొని గుంజకు కట్టే నూకరాజుకు ఒక్కగానొక్క కూతురు. పేరు వరాలు.

వరాలుకు బొమ్మల మీద మనసు లేదు. లాంచీ కూత వినబడితే చాలు, పరుగున పోయి ఇంజను గది కిటికీకి ముక్కు ఆనించి నిలబడేది. ఒకనాడు వరాలు లాంచీలో ఉండగా వరద ఏట్లో, నట్టనడుమ, ఇంజను ఆగిపోయింది. లాంచీ ఎండుటాకులా కొట్టుకుపోయింది. జనం తలచని దేవుడు లేడు. వేరే లాంచీ వచ్చి గట్టుకు లాగేసరికి అందరికీ ప్రాణం లేచివచ్చింది. అప్పుడు వరాలు, "నడిమి ఏట్లో ఆగని లాంచీ నేనే కట్టిస్తాను" అని మనసులో ఒట్టు పెట్టుకుంది.

ఆ తర్వాత పదో తరగతి గట్టెక్కింది. అప్పుడు మొదలైంది చిక్కు.

మొదట మేనత్త భ్రమరాంబ వచ్చింది. "డిగ్రీయే చదవాలే, కోడలుపిల్లా! నల్లగౌను తొడుక్కుని పట్టా పుచ్చుకున్న ఆడపిల్ల మన వంశంలో ఒక్కతీ లేదు" అన్నది.

ఆ తర్వాత మేనమామ వీర్రాజు వచ్చాడు. "డిగ్రీ చేతికొచ్చేసరికి పిల్ల తల నెరుస్తుంది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చెయ్యమ్మా, పని పట్టుబడుతుంది" అన్నాడు.

ఆ తర్వాత పెదనాన్న కొడుకు చినవెంకన్న వచ్చాడు. "ఏళ్ళ తరబడి ఈ చదువులెందుకు చెల్లీ? ఇంజను డ్రైవరు పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకో. అది లేనిదే ఇంజను మీద చెయ్యి వెయ్యనిస్తారా?" అన్నాడు.

ముగ్గురి మాటా సబబుగానే ఉంది. అదే వరాలుకు వచ్చిన కష్టం. ఒకటి పట్టుకుంటే మిగిలిన రెండూ చేజారిపోతాయి. తప్పుదారి పట్టిందా, పెట్టుకున్న ఒట్టు గోదారిలో కలిసిపోతుంది. తండ్రిని అడిగితే, "నాకు తాడు కట్టడం తెలుసు గానీ ఇవేం తెలుసు తల్లీ, నీ ఇష్టమే నా ఇష్టం" అన్నాడు. వరాలుకు అన్నం సయించలేదు.

పట్నంలో దరఖాస్తు ఇవ్వడానికి ఆఖరి రోజు వచ్చింది. వరాలు లాంచీ ఎక్కింది. పిల్ల ఏ గుమ్మం తొక్కుతుందో చూద్దామని ముగ్గురు చుట్టాలూ వెంట ఎక్కారు.

ఆ లాంచీ నడిపే సరంగు మస్తాను తాత. ఆయనది ఒక పద్ధతి. ఎవరెక్కినా "ఏ రేవు?" అని అడిగి, ముందు దిగేవారిని అంచున, దూరం పోయేవారిని లోపల కూర్చోబెట్టేవాడు. ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటే, దిగేటప్పుడు తోపులాటలో లాంచీ ఒక పక్కకు ఒరిగిపోతుంది మరి.

ఆనాడు భ్రమరాంబ దర్జాగా అంచునే చతికిలబడింది. అప్పుడు మస్తాను తాత, "పట్నం దాకా పోయేదానివి గుమ్మంలో కూర్చుంటివి. ముందు రేవువాళ్ళు నీ నెత్తి మీదుగా దిగాలా అమ్మా?" అన్నాడు.

"నన్నే లెమ్మంటావూ?"

"లేస్తే నీకే సుఖం. నీడా లోపలే, గాలీ లోపలే."

అందరూ గొల్లున నవ్వారు. భ్రమరాంబ గొణుక్కుంటూ లోపలికి జరిగింది. అది చూసిన వరాలు కళ్ళు మిలమిల మెరిశాయి. ఇన్నాళ్ళూ ఆ మూడు చదువులూ మూడు లాంచీలనుకుంది, ఒకటెక్కితే రెండు తప్పిపోతాయని బెంగపడింది. కానీ అవి ఒకే ఏటి మీద మూడు రేవులు! ఏది ముందో, ఏది వెనుకో తేల్చుకోవాలి, అంతే.

అప్పుడు లేచి నిలబడి, "ముందు డిప్లొమా రేవు మామా, ఇంజను గుట్టు అక్కడ నేర్చుకుంటాను. ఆ తర్వాత సర్టిఫికెట్ రేవు అన్నా, ఇంజను నా చేతికి ఇస్తారు. ఆ తర్వాత డిగ్రీ రేవు అత్తా, అక్కడ లాంచీనే గీయడం నేర్చుకుంటాను" అన్నది.

"నాదేనా ఆఖరు?" అని మూతి ముడిచింది మేనత్త.

"దూరం పోయేవాళ్ళది లోపలి చోటు కదత్తా!"

మస్తాను తాత నవ్వుతూ కూత వేశాడు. అందరికీ వరుస ఇదే కాదు సుమా, బంగారుతల్లీ. డాక్టరు కావాలనుకున్న పిల్లకు డిగ్రీయే ముందు రేవు. వరాలు చేరవలసిన చోటుకు వరుస ఇది.

వరాలు డిప్లొమాలో చేరింది. "పచ్చడి నూరుకునే చేతికి పానా ఎందుకో!" అని మగపిల్లలు వెక్కిరించారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళే, "కాస్త చెప్పవా అక్కా" అని వెంటపడ్డారు. ఆ తర్వాత లాంచీల మీద చెమటోడ్చి పనిచేసి సర్టిఫికెట్ పుచ్చుకుంది. చినవెంకన్న దాన్ని ఊరంతా తిప్పి చూపించి, కడకు పులుసు మరక చేసి తెచ్చాడు. ఆ తర్వాత డిగ్రీ. పట్టా ఇచ్చేనాడు ఆ నల్లగౌను ముందు భ్రమరాంబే తొడుక్కుని, అద్దం ముందు నుంచి కదలనంటే కదలనన్నది.

ఆ తర్వాత వరాలు స్వయంగా గీసి, దగ్గరుండి కట్టించిన కొత్త లాంచీ తొలిసారి సొంత రేవుకు బయలుదేరింది. మళ్ళీ అదే వరద, అదే సుడి. ఇంజను మాత్రం ఒక్క క్షణం తడబడలేదు. గట్టు మీద ఊరంతా నిలబడి చూస్తోంది. ముందు వరుసలో నూకరాజు. లాంచీ మీద నుంచి వరాలే తాడు విసిరింది. బుద్ధెరిగిన నాటి నుంచి తాడు తప్పని చేతులు ఆనాడు తప్పాయి. కన్నీళ్ళు అడ్డుపడ్డాక తాడు కనబడితే కదా! తాడు దభీమని నీళ్ళలో పడింది. ఊరు ఊరంతా నవ్వింది. అందరికంటే పెద్దగా నూకరాజే నవ్వి, "నా కూతురే! నా కూతురే!" అంటూ మొలలోతు నీళ్ళలోకి దిగి తాడు పట్టుకున్నాడు.

లాంచీ చేరెను రేవుకు, కథ చేరెను కంచికి,
నిదురమ్మ పిలిచె మనలను తన చల్లని ఇంటికి.