జీళ్ళ అంకాలు ఏ వీధిది?

ఊ కొట్టండి మరి. ఊ కొట్టినవాళ్ళకి కథ, కొట్టనివాళ్ళకి కునుకు.

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల్లో ఉన్నప్పుడు, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసేచోట ఒక ఊరు ఉండేది. ఆ ఊరికి మూడు వీధులు. మగ్గాల చప్పుడు వినబడితే సాలెవీధి. కుండలు కాల్చే ఆవం పొగ కనబడితే కుమ్మరివీధి. ఎండుచేపల వాసన తగిలితే పల్లెవీధి. మూడు వీధులకీ మూడు బావులు, మూడు అరుగులు, మూడు కోపాలు. ఆ కోపం ఎందుకొచ్చిందని అడిగితే ఒక్కడూ చెప్పలేడు. చెప్పలేకపోయినా వదలడు. ముత్తాతలిచ్చిన కడియంలా దాన్ని జాగ్రత్తగా దాచుకున్నారు, మహానుభావులు!

అలాంటి ఊళ్ళోకి నెత్తిన గంప పెట్టుకుని ఒక మనిషి వచ్చింది. పేరు అంకాలు. ముందూ వెనకా ఎవరూ లేరు. బెల్లం పాకం కాచి, గుంజకి కొట్టిన మేకుకి తగిలించి, తెల్లబడేదాకా లాగి లాగి, నువ్వులద్ది జీళ్ళు చేసేది. గంపలో పెట్టుకుని వీధివీధికీ తిరిగేది.

"విరిగింది తెండి, చిరిగింది తెండి, జీడి తినండి!"

ఆ కేక వినబడితే పిల్లలు ఇంట్లో ఏది విరిగిందా అని వెతికేవాళ్ళు. విరిగింది దొరక్కపోతే విరగ్గొట్టేవాళ్ళు కూడా. తల్లులు తిట్టుకునేవాళ్ళు, తిడుతూనే జీళ్ళు తినేవాళ్ళు.

అందరూ ఆమె జీళ్ళు తిన్నారు గానీ, ఎవరూ ఆమెని గడప లోపలికి రమ్మనలేదు. మూడు వీధుల్లోనూ ఒకటే ప్రశ్న.

"ఏమే అంకాలూ, ఇంతకీ నువ్వు ఏ వీధిదానివే?"

అంకాలు నవ్వేసేది. "పోయేరోజు చెబుతాలే వదినా!"

పైకి నవ్వేది గానీ, లోపల ఒకటే దిగులు. మనిషి బతికినన్నాళ్ళు ఎలాగోలా బతికేస్తుంది. పోయేనాడు మాత్రం మోయడానికి నలుగురు కావాలి కదా! సాలెవీధివాళ్ళు సాలెవాళ్ళని మోస్తారు, కుమ్మరివీధివాళ్ళు కుమ్మర్లని, పల్లెవీధివాళ్ళు పల్లెవాళ్ళని. ఏ వీధిదీ కాని అంకాలుని ఎవరు మోస్తారు? మధ్యాహ్నం ఏటిగట్టున కూర్చుని గంజి తాగేటప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది.

అంకాలుకి ఒక అలవాటు ఉంది. ఎవరేమి తెచ్చినా, "దీని కథేమిటి?" అని అడిగేది. కథ లేదంటే ఒక జీడి ఇచ్చి, ఆ వస్తువుని కొలిమి కాడ అమ్మేసి బెల్లం కొనుక్కునేది. కథ ఉందంటే రెండు జీళ్ళు ఇచ్చి, ఆ వస్తువుని ఇంటికి తెచ్చుకునేది. ఎలా ఇచ్చేస్తుంది మరి? కథ ఉన్న వస్తువుని కొలిమిలో వేయడానికి చెయ్యి రావద్దూ!

అలా తెచ్చి తెచ్చి గుడిసె నిండిపోయింది. పట్నంలో ఇప్పుడు మ్యూజియం అని టిక్కెట్టు పెట్టి చూపిస్తారే, అలాంటిదన్నమాట. టిక్కెట్టు మాత్రం లేదు.

ఒకరోజు అంకాలుకి బుద్ధి పుట్టింది. ఇవన్నీ ఊళ్ళోవాళ్ళవే కదా, ఊళ్ళోవాళ్ళకే చూపిద్దాం అనుకుంది. సాలెవీధి వస్తువులు ఒక గోడకి, కుమ్మరివీధివి ఒక గోడకి, పల్లెవీధివి ఒక గోడకి అందంగా సర్దింది. ఊరంతటినీ పిలిచింది.

ఊరంతా వచ్చింది. సాలెవీధి పెద్ద మార్కండేయులు సరాసరి తన గోడ దగ్గరికి వెళ్ళి, "మా అమ్మ నాడె!" అని కళ్ళు తుడుచుకున్నాడు. నాడె అంటే మగ్గం మీద నూలు తీసుకుని అటూ ఇటూ పరుగెత్తే చెక్క. కుమ్మరివీధి గురవమ్మ తన గోడ ముందు కూర్చుండిపోయింది. పల్లెవీధి పోలయ్య తన తాత వలని ఒళ్ళో పెట్టుకున్నాడు. అంకాలు గుండె పొంగిపోయింది.

ఆ పొంగు ఎంతసేపు? ఎవరి గోడ వాళ్ళు చూసుకున్నారు. పక్క గోడకి వీపు తిప్పారు.

"మా గోడ పొట్టిదేం?" అన్నాడు మార్కండేయులు.

"మాది గుమ్మానికి దూరమేం?" అంది గురవమ్మ.

"మా గోడకి ఎండ తగల్దేం?" అన్నాడు పోలయ్య.

మర్నాటికి నేలమీద సున్నంతో గీతలు గీశారు. ఆ మర్నాటికి తడికలు తెచ్చి అడ్డం కట్టారు. అంకాలు గుమ్మంలో చతికిలబడిపోయింది. ఉన్న మూడు వీధులు చాలనట్టు ఇంట్లో ఇంకో మూడు వీధులు పెట్టింది తనే! తప్పు ఎవరిదని ఏడవాలి? అయినా ఏడ్చింది.

ఆ వారంలోనే గాలివాన. ఏరు ఉరిమింది, కప్పు లేచిపోయింది, తడికలు కొట్టుకుపోయాయి. తెల్లారి చూస్తే గోడలూ లేవు, గీతలూ లేవు. ఇంటి మధ్య ఒకటే బురద గుట్ట. అందులో ఊరి వస్తువులన్నీ కలగలిసి ఉన్నాయి.

మూడు వీధులవాళ్ళూ లబోదిబోమంటూ పరుగెత్తుకొచ్చారు. బురదలో ఏది ఎవరిదో తెలియడం లేదు. ఉన్నది ఒక్క నీళ్ళ గాబు. చచ్చినట్టు అందరూ దాని చుట్టూ కూర్చుని కడగడం మొదలుపెట్టారు.

పోలయ్య ఒక చెక్కని కడిగి ఎగిరి గంతేశాడు. "దొరికిందిరా! మా తాత చిన్నప్పుడు ఆడుకున్న పడవ! చూడండి, ముందూ వెనకా ఎంత కొసగా చెక్కారో!"

మార్కండేయులు వంగి చూశాడు. "ఓరి నీ పడవ బంగారం గానూ! అది మా అమ్మ నాడె రా!"

దగ్గరున్నవాళ్ళు పక్కకి జరిగారు. కొట్టుకుంటారేమో అనుకున్నారు. పోలయ్య నాడెని తిప్పి తిప్పి చూసి, "నిజమే మావా, పడవే గానీ నూలు మీద నడిచే పడవ" అన్నాడు. ముందు పిల్లలు నవ్వారు. తర్వాత ఆడవాళ్ళు నవ్వారు. ఆఖరికి మార్కండేయులు కూడా బొజ్జ ఊగేలా నవ్వాడు. ఆ ఊళ్ళో మూడు వీధులూ కలిసి నవ్వడం అదే మొదలు.

అంతలో గురవమ్మ బురదలోంచి ఒక మట్టి గుండు తీసింది. తీస్తే దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి, వరసగా తాడుకి గుచ్చి వచ్చాయి.

"ఇవి మావి. ఈ బొటనవేలి నొక్కు మా తాతది. ఆయన కాల్చిన గుండ్లే" అంది.

"అవి మావమ్మా! వల నీళ్ళలో మునగాలని కట్టే గుండ్లు. మా తాత వల అది" అన్నాడు పోలయ్య.

మార్కండేయులు వల కొస పట్టుకుని వేళ్ళతో నలిపి చూశాడు. "మరి ఈ నూలు? ఈ పురి మా వీధిదే. ఇంకెక్కడా ఇలా పెట్టరు."

ముగ్గురూ ఒకే వల పట్టుకుని నిలబడ్డారు. ఎవరూ వదల్లేదు, ఎవరూ లాగలేదు.

"అయితే మా ఇంట్లో చేపల పులుసు అంతా మీ ఇద్దరిదీ కూడానా?" అన్నాడు పోలయ్య, తల గోక్కుంటూ.

"మరేమనుకున్నావు? ఇన్నాళ్ళ పులుసు బాకీ ఉన్నావు నాకు" అంది గురవమ్మ.

ఆ పూట పోలయ్య ఇంటి నుంచి చేపలు, గురవమ్మ ఇంటి నుంచి కొత్త కుండ వచ్చాయి. మార్కండేయులు ఇంటి నుంచి కూర్చోడానికి దుప్పట్లు వచ్చాయి. అందరూ కలిసి అంకాలు గుడిసెకి గోడలు లేపి కప్పు నేశారు. ఇంత పెద్ద గొడవని ఇంత చిన్న పులుసు తీరుస్తుందని ఎవరనుకున్నారు?

వస్తువులు మళ్ళీ సర్దేటప్పుడు అంకాలు నడుముకి కొంగు బిగించింది.

"వినండి. ఈ ఇంట్లో ఒక కట్టుబాటు. ఏ వస్తువూ తన వీధి వస్తువు పక్కన ఉండకూడదు. ఎవరి వస్తువు కథ వాళ్ళు చెప్పకూడదు. మీ గొప్ప మీ ఇంట్లో చెప్పుకుందురు గాని. ఇక్కడ పక్కవాళ్ళది చెప్పండి. తెలియకపోతే వెళ్ళి అడిగి తెలుసుకోండి."

అడగాలంటే గడప దాటాలి కదా! అలా సాలెవాళ్ళు పల్లెవీధి గడప దాటారు. పల్లెవాళ్ళు కుమ్మరివీధి గడప దాటారు. గడప దాటిన కాళ్ళు పీట మీద కూర్చున్నాయి. అంకాలుని కూడా లోపలికి పిలిచారు. మొదటిసారి పీట వేసినప్పుడు ఎలా కూర్చోవాలో తెలియక, పాపం, గంప ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఏళ్ళు గడిచాయి. అంకాలు జుట్టు జీడిపాకంలా తెల్లబడింది. ఒకరోజు మంచం పట్టింది. మార్కండేయులు తలవైపు కూర్చున్నాడు, గురవమ్మ పక్కన కూర్చుంది, పోలయ్య కాళ్ళు పట్టాడు.

"పోయేరోజు చెబుతానన్నావు. ఇప్పుడైనా చెప్పవే, ఏ వీధిదానివే?" అంది గురవమ్మ, కన్నీళ్ళు ఆపుకుంటూ.

అంకాలు ముగ్గురినీ చూసింది. "ఎవరు మోస్తే వాళ్ళ వీధిదాన్ని" అంది. కళ్ళు మూసుకుంది.

అంతే. ఊళ్ళో కొట్లాట మొదలైంది. ఎన్నో ఏళ్ళుగా లేని కొట్లాట!

"మా మనిషి, మేం మోస్తాం" అంది సాలెవీధి.

"మా మనిషి, మేం మోస్తాం" అంది కుమ్మరివీధి.

"మా మనిషి, మేం మోస్తాం" అంది పల్లెవీధి.

ఆఖరికి వీధికొక భుజం అని తేల్చారు. పాడెకి నాలుగు కొమ్ములు, ఊరికి మూడు వీధులు. నాలుగో కొమ్ము ఎవరిది? మళ్ళీ గొడవ. ఆ సమయంలో ఊరి పొలిమేరలో ఒకడు కనిపించాడు. కత్తులకి సానబట్టేవాడు, భుజాన సానరాయి, దుమ్ము కొట్టుకున్న కాళ్ళు.

"ఎవరు పోయారయ్యా?" అని అడిగాడు.

"మా మనిషి!" మూడు వీధులూ ఒక్క గొంతుతో అన్నాయి.

"అదృష్టవంతురాలు. నాకైతే ఎవరూ లేరు" అన్నాడు వాడు.

ఊరు ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంది. నువ్వు ఏ వీధివాడివని ఎవరూ అడగలేదు. గురవమ్మ వాడి భుజం మీది సానరాయి దింపింది. ఆ భుజానికి నాలుగో కొమ్ము ఎత్తింది. ఆ సానరాయి ఇప్పటికీ అంకాలు ఇంట్లో, వల పక్కన ఉంది.

అందుకే ఆ ఊళ్ళో ఎవరు పోయినా నాలుగో భుజం ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళది. అడిగి మరీ ఇస్తారు. ఊళ్ళోకి ఎవరు అడుగుపెట్టినా చేతిలో జీడి పెడతారు, "దీని కథేమిటి?" అని వాళ్ళు వెంట తెచ్చుకున్నదాన్ని చూపించి అడుగుతారు. కథ ఉంటే రెండో జీడి. పిల్లలు చక్కటి కథలు కట్టి రోజూ రెండేసి తినేస్తున్నారు, అది వేరే సంగతి.

కథలన్నీ కంచికి వెళ్తాయంటారు. ఇది మాత్రం వెళ్ళలేదు, అంకాలు ఇంట్లో ఉండిపోయింది. మీరెప్పుడైనా ఆ ఊరు వెళ్ళి, ఎవరినైనా "మీది ఏ వీధి?" అని అడిగి చూడండి.

"అంకాలు వీధి" అంటారు.