అంకమరావు పట్టుకున్న తెర

యజ్ఞనారాయణ అవధానిగారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. చేతికి సంచీ ఇచ్చి వెంట రమ్మంటారు. అలా సంచీ మోసీ మోసీ కొందరికి జవాబు దొరికింది, కొందరికి భుజం నొప్పి మాత్రమే మిగిలింది. ఆయన దగ్గర పౌరోహిత్యం నేర్చుకుంటున్న మార్కండేయులు ఏ రకమో అప్పటికింకా తేలలేదు.

మార్కండేయులుకి ఆ మాఘంలో పెళ్ళి. ముప్ఫై దాటినవాడు, తండ్రి పోయి ఆరేళ్ళయింది. పెళ్ళికూతురు సుభాషిణి పక్క ఊళ్ళో బడిపంతులమ్మ. ఇద్దరూ కూర్చుని ఒక మాట అనుకున్నారు: నలుగురి మెప్పు కోసం ఒక్క పనీ చెయ్యకూడదు, తాహతు దాటకూడదు, చూసినవాళ్ళకి ఇది ఈ ఇద్దరి పెళ్ళే అనిపించాలి. మంచి మాటే. ఆ రోజే మార్కండేయులు ఒక నోటుపుస్తకం కొని, రాయడం మొదలుపెట్టాడు. రాసిందానికంటే కొట్టేసిందే ఎక్కువ. వీడియో తీసేవాళ్ళను కొట్టేశాడు, రంగు దీపాలను కొట్టేశాడు, ముఖం చూసి పదేళ్ళయిన చుట్టాలను కొట్టేశాడు. కొట్టేసిన కొద్దీ ప్రాణం తేలికపడుతూ వచ్చింది.

ఒక సాయంత్రం ఆ పుస్తకం పట్టుకుని గురువుగారి ముందు కూర్చున్నాడు.

"గురువుగారూ, మీరు ఇన్ని వందల పెళ్ళిళ్ళు చేయించారు. పెళ్ళిలో ఏది తీసేసినా ఫరవాలేదు, ఏది తీసెయ్యకూడదు? అదొక్కటీ చెప్పండి."

"మీ అమ్మగారేమంటున్నారు?"

"అమ్మతో ఏ పేచీ లేదండీ. మీ ఇష్టం నాయనా అంటుంది. పీటల మీద అన్నయ్యా వదినా కూర్చుంటారు. అమ్మ వంటల సంగతి చూసుకుంటుంది."

అవధానిగారు గోడకున్న సంచీ తీసి అతని ఒళ్ళో పెట్టారు. "రేపు దర్జీ అంకమరావుగారమ్మాయి పెళ్ళి. ఆరింటి బస్సుకి వచ్చెయ్."

అంకమరావుగారి ఇంటిముందు తాటాకు పందిరి. వేసింది కిరాయి మనుషులు కాదు, పెళ్ళికూతురి అన్నదమ్ముల వరసవాళ్ళే. దండలు ఆ అమ్మాయి స్నేహితురాళ్ళు గుచ్చుతున్నారు. పెరట్లో మేనత్త పులిహోర కలుపుతూ పెద్ద గొంతుతో అందరినీ తిడుతోంది. తలుపు పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. ఎవరెవరు ఏ పని చెయ్యాలో పెళ్ళికూతురు హిమజ స్వయంగా గుండ్రటి అక్షరాలతో రాసింది. మంచినీళ్ళు ఎవరు, చెప్పుల దగ్గర ఎవరు, ముసలివాళ్ళను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది ఎవరు, అన్నీ ఉన్నాయి. కూలికి వచ్చినవాడు ఒక్కడూ లేడు. మార్కండేయులుకి కాగితం తెగ నచ్చేసింది. అక్కడే నిలబడి మొత్తం తన నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాడు.

ఎక్కించుకుంటుండగా పెళ్ళికూతురి తండ్రి కనపడ్డాడు. కొత్త పంచె, గుండీలు తనే కుట్టుకున్న చొక్కా. అవధానిగారి కాళ్ళకు నీళ్ళిద్దామని చెంబు అందుకోబోయాడు. "మీరు కూర్చోండి పెదనాన్నా, నేనిస్తాగా" అని ఒకతను చెంబు లాక్కున్నాడు. విస్తళ్ళు తుడవబోతే ఒక పిల్ల వచ్చి, "అది మా పని పెదనాన్నా" అంది. పందిట్లోకి వెళ్ళి పీటలు సర్దబోతే తమ్ముడే వారించాడు. భార్య పోయినవాడు పీటల మీద కూర్చోకూడదని ఆ ఇంటి ఆచారం. కన్యాదానం తమ్ముడూ మరదలే చెయ్యాలి. అంకమరావు కాసేపు అటూ ఇటూ చూసి, లోపలి గదిలోకి వెళ్ళి తన కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"కాగితంలో మీ నాన్నగారి పేరు లేదేమమ్మా?" అని అవధానిగారు హిమజను అడిగారు.

ఆ పిల్ల కళ్ళు మెరిశాయి. "అమ్మ జబ్బులో పడ్డప్పటి నుంచీ నాన్నకి కునుకు లేదండీ. వండటం, కడగటం, ఎత్తి పడుకోబెట్టటం అన్నీ ఆయనే. అమ్మ పోయాక రెండేళ్ళు నన్ను చూసుకున్నారు. మా ఇంటి మనిషే కదా, ఇవ్వాళొక్క రోజన్నా హాయిగా కూర్చోవాలని ఏ పనీ రాయలేదండీ."

ఎంత ప్రేమ, అనుకున్నాడు మార్కండేయులు. గురువుగారు మాత్రం లోపలి గది వంక చూశారు.

ముహూర్తం పది ఇరవైకి. పది అయ్యేసరికి వధూవరుల్ని ఎదురెదురుగా కూర్చోబెట్టి, అవధానిగారు చెయ్యి చాపారు. "అడ్డుతెర ఇవ్వండి."

ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. ఇద్దరు కుర్రాళ్ళు గోడ దగ్గరికి పరిగెత్తి కాగితం పైనుంచి కింది దాకా చదివారు. అన్నీ రాసిన పిల్ల, తనకీ పెళ్ళికొడుక్కీ మధ్య పట్టే గుడ్డ సంగతి మరిచిపోయింది. ఒకరు దుప్పటి తెస్తామన్నారు, ఇంకొకరు బజారుకి బండి తియ్యమన్నారు. అంతలో లోపలి గదిలోంచి కుట్టుమిషను చప్పుడు వినపడింది. ఆగకుండా ఒకే పొడుగు కుట్టు.

చప్పుడు ఆగాక అంకమరావు బయటికొచ్చాడు. చేతిలో తెల్లటి నూలుచీర, ఎర్రంచుది. చీకిపోయిన కొంగు కత్తిరించి, అంచు మడిచి కుట్టాడు. అది ఆయన భార్య పెళ్ళినాటి మధుపర్కం చీర.

మేనత్త గుండె మీద చెయ్యేసుకుంది. "పోయినామె చీర పందిట్లోకా! ఇదేం అప్రాచ్యం అన్నయ్యా!"

"ముత్తయిదువగా వెళ్ళిన తల్లి చీరమ్మా. ఇంతకంటే మంచి గుడ్డ ఏ కొట్లో దొరుకుతుంది?" అన్నారు అవధానిగారు. కుర్రాళ్ళు తెర అందుకోబోతే ఆపారు. "ఒక కొస ఎవరన్నా పట్టండి. రెండోది ఆయన పడతారు."

"నేను పట్టుకోవచ్చాండీ?" అన్నాడు అంకమరావు. ఆ అడగడంలో ఎంత భయం ఉందో మార్కండేయులుకి వినపడింది.

తెర లేచింది. మంత్రం నడిచింది. సరిగ్గా వేళకి ఒకరి తల మీద ఒకరు జీలకర్రా బెల్లం పెట్టారు. అక్షింతలు పడ్డాయి. అటు కొస దిగింది. ఇటు కొస దిగలేదు. అంకమరావు రెండు చేతులూ పైకెత్తి, ఆ అంచు వంక చూస్తూ అలాగే నిలబడిపోయాడు. "దించవయ్యా, వేళ దాటిపోతుంది" అని ఎవరో గొణిగారు.

"ముహూర్తం అయిపోయింది. తొందరేం లేదు" అన్నారు అవధానిగారు.

హిమజ కుడిచెయ్యి పెళ్ళికొడుకు తల మీదే ఉంది, కదలడానికి లేదు. కన్నీళ్ళు తుడుచుకోవడానికీ లేదు. "నీకు చెయ్యి నొప్పెడుతుంది నాన్నా, ఇక దించు" అంది మెల్లగా.

"ఒక్క నిమిషం తల్లీ. ఇది దించేస్తే ఇక నాకు చెయ్యటానికి ఏ పనీ లేదు."

మేనత్త చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కొంతసేపటికి ఆయనే దించాడు. చీరను నాలుగు మడతలు పెట్టి, చంకలో పెట్టుకుని, పందిరి గుంజ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. తర్వాత తలంబ్రాలయ్యాయి, అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.

తిరుగు బస్సులో మార్కండేయులు నోటుపుస్తకం తీసి, పనుల జాబితా చివర 'అడ్డుతెర' అని రాసుకున్నాడు.

"చదువు, వింటాను" అన్నారు గురువుగారు.

చదివాడు. వచ్చేవాళ్ళ పేర్లు, ఎవరెవరికి ఏ పని, ఎవరు ఎక్కడ కూర్చునేది. ముప్ఫై ఎనిమిది పేర్లు. చదువుతూ చదువుతూ చివరికొచ్చేసరికి గొంతు సన్నబడింది. పోయిన వారం తను ఇదే పుస్తకం ముందేసుకుని కూర్చున్నప్పుడు అమ్మ గుమ్మం దగ్గరికొచ్చి ఒక మాట అడిగింది. "ముహూర్తం వేళకి నేనెక్కడుంటే ఎవరికీ అడ్డం కాకుండా ఉంటుందిరా?" తను తలెత్తలేదు. ఎక్కడైనా ఉండమ్మా, అన్నాడు. ఆవిడ ఇంకాసేపు అక్కడే నిలబడి వెళ్ళిపోయింది. ఎంతసేపు నిలబడిందో ఇప్పుడు గుర్తు చేసుకుందామన్నా తెలియదు, తను చూడలేదు కనక.

పుస్తకం మూశాడు.

"అమ్మ పేరు రాయలేదు గురువుగారూ. ఇంట్లో మనిషే కదా అని..."

అవధానిగారు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు: "ఆ పిల్లా వాళ్ళ నాన్న పేరు అందుకే రాయలేదు నాయనా."