నక్క గొట్టానికీ మీటరు

ఎండలు ముదిరేసరికి ఓ అడవి వాగులో నీళ్లు చెక్‌డ్యామ్ వెనక ఒక్క మడుగుగా మిగిలాయి. అప్పుడే పట్నం నుంచి నక్క ఓ కంప్యూటరు పట్టుకొచ్చింది.

"మడుగు నుంచి మీ అందరికీ వెళ్లే కాలువలకి మూతలున్న మీటర్లు పెడతాను. ఎవరు మరీ ఎక్కువ వాడితే వాళ్ల మూత ఇదే మూసేస్తుంది. వానలదాకా మడుగు ఎండదు," అంది.

ఆలోచన మంచిదే. అందరూ ఒప్పుకున్నారు. కష్టమంతా కొత్తగా ఈనిన గేదెకొచ్చింది. మూతి తడిసేలోగా మూత పడిపోయేది.

"ఇదేం ఖర్మ నక్క మరిదీ! నాకు పాలు తగ్గిపోయాయి, దూడ ఆకలికి ఏడుస్తోంది. బాలింతరాలినని నీ కంప్యూటరుకి తెలీదా?"

"నేనేం చేయను గేదె వదినా? నేను మూయలేదు, లెక్క మూసింది."

"లెక్క, లెక్క! వినలేక చస్తున్నాను!"

పాపం, గేదె బురదలో పొర్లడం కూడా మానేసింది. అయినా మడుగు దిగిపోతూనే ఉంది. "మీరింకా తగ్గించుకోవాలి," అని నక్క అందరి మీదా విసుక్కుంది.

చివరికి మడుగులో ఉండే తాబేలుకి ఒళ్లు మండింది. "ఇంకెక్కడ తగ్గించుకుంటారు? అడుగున ఓ గొట్టం నీళ్లు గుంజేస్తోంది. అటు వెళితే నన్నూ లాగేస్తోంది. అది నక్క పాకలోకే పోతోంది, వెళ్లి చూడు వదినా."

గేదె వెళ్లి చూసింది. గొట్టంలో నీళ్లు కంప్యూటరు చుట్టూ తిరిగి, వెనకున్న పుచ్చపాదుల్లోకి పారుతున్నాయి.

"ఇదేంటి మరిదీ?"

"కంప్యూటరు వేడెక్కుతుంది వదినా. చల్లబరచాలి కదా!"

"పుచ్చకాయలు కూడా వేడెక్కుతున్నాయా?"

గేదె ఇక వాదించలేదు. తిరిగొచ్చి తన కాలువ మీటరు ఊడబీకి తాబేలుకిచ్చింది. తాబేలు దాన్ని నోట కరుచుకుని మునిగి, ఆ గొట్టం మూతికి బిగించేసింది.

కాసేపటికి కంప్యూటరు అరిచింది: "ఈ మీటరులో వాడకం అందరికంటే ఎక్కువ. మూసేస్తున్నాను."

టక్కున మూత పడింది. కంప్యూటరు వేడెక్కి కమురు వాసన కొట్టసాగింది. నక్క పరుగెత్తుకొచ్చింది. "వదినా, తెరిపించు! కాలిపోతోంది!"

"నేను మూయలేదు మరిదీ, లెక్క మూసింది."

నక్క కాళ్లావేళ్లా పడ్డాక అందరూ కలిసి కంప్యూటరుని చెట్ల నీడకి మార్చారు. చల్లటి పొద్దునపూట మాత్రమే నడిపించారు. గొట్టం మీటరు తీయనివ్వలేదు, బాలింతరాలికి వాటా పెంచారు. మడుగు వానలదాకా ఆగింది, దూడ కడుపు నిండింది. నక్క పుచ్చపాదులు మాత్రం ఎండిపోయాయి.

నీతి: ఊరి వాడకం లెక్కగట్టేవాళ్లు ముందు తమ వాడకం చూపించాలి.