దానయ్య చూపించిన వైపు

అనగనగా సముద్రం పక్కనే, ఇసకలో ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో దానయ్య అని ఒక జాలరి. మంచివాడే గానీ మహా మొండి. అతని పెళ్ళాం పోలమ్మ.

అది నడి వేసవి. చేపలు గుడ్లు పెట్టే కాలమని మరపడవలన్నీ ఒడ్డెక్కి కూర్చున్నాయి. చిన్న తెప్పలకి మాత్రం అడ్డు లేదు. అప్పుడు వాళ్ళ కూతురు ముత్యాలు పుట్టింట్లో పురుడు పోసుకుని ఉంది. పాలు చాలక పసిగుడ్డు ఒకటే ఏడుపు, పాపం. బాలింత సొరపుట్టు తింటే పాలు పడతాయని వాళ్ళ నమ్మకం. సొరపుట్టంటే ఏంటంటావా? సొరచేపని ఉడికించి, చిదిమి, బోలెడు వెల్లుల్లి వేసి వేయించే కూర. కబుర్లాపి విను మరి.

దానయ్య సాయంత్రం ఇసకలో చతికిలబడి వేటకి లెక్కలు వేసుకున్నాడు. గాలి ఎటు తిరుగుతుందో చూశాడు. పోటు ఎప్పుడొస్తుందో చూశాడు. సొర ఎక్కడ దొరుకుతుందో ఆలోచించాడు. ఆ తర్వాత మంచినీళ్ళ కుండ, గంజన్నం, గేలాల తాడు సర్దుకున్నాడు. తెల్లవారుతుండగా తెప్పని నీళ్ళలోకి తోశాడు.

ఎక్కడికని ఎవరూ అడగలేదు. వేటకెళ్ళేవాణ్ణి ఎక్కడికని అడగకూడదని ఆ ఊరి ఆచారం. అడిగితే చేప పడదట! పోలమ్మ కూడా నోరు మూసుకుని నిలబడింది.

మధ్యాహ్నానికల్లా వస్తాడనుకుంది. రాలేదు. గాలి ఎక్కువైంది. అప్పటికీ రాలేదు. పొద్దు వాలింది. దానయ్య జాడే లేదు. ఇక ఆగలేక పోలమ్మ మరిదిని పిలుచుకొచ్చింది.

మరిది గురవయ్య వెతకడానికి తెప్ప దించాడు. ఆ గాలిలో దిగింది ఒక్క తెప్ప, వెతకాల్సినవి మూడు చోట్లు. ఏరు సముద్రంలో కలిసే ఏటి మొగ దగ్గరన్నారు కొందరు. నడిసముద్రంలోనన్నారు ఇంకొందరు. కొండ కింద రాళ్ళ దగ్గరేమోనన్నారు మరికొందరు.

“ఎటెల్లాడో ఒక్క ముక్క అడగలేకపోనావా వదినా?” అన్నాడు గురవయ్య.

పోలమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూ ఇంటికేసి చూసింది. అప్పుడు కనబడింది, దండెం మీద ఆరేసిన వల!

“ఓరి గురవా! వల ఇంటికాడే ఉందిరా! గేలాలే అట్టుకెల్లాడు. రాళ్ళ కాడైతే వల సిరిగిపోద్దని వదిలేసినాడు. కొండ కిందకే పోనియ్యి!”

గురవయ్య తెప్పని కొండ వైపు తిప్పాడు. పోలమ్మ ఒడ్డెంబడి పరుగు తీసింది. చెంగు జారినా ఆగలేదు, కాలికి ఆల్చిప్ప గుచ్చుకున్నా ఆగలేదు, ఊపిరాడకపోయినా ఆగలేదు.

కొండ కిందికి వెళ్ళి చూస్తే ఏముంది? దానయ్య ఒక రాయి మీద దర్జాగా కూర్చుని ఉన్నాడు. కెరటం విసిరికొడితే తెడ్డు విరిగింది, తెప్ప రాళ్ళ మధ్య ఇరుక్కుంది. అంతే! ఒంటి మీద చిన్న గీత కూడా లేదు. పట్టిన సొరని తాడుకి కట్టి నీళ్ళలోనే ఉంచాడు, పాడవకుండా.

గురవయ్య అతన్నీ, సొరనీ, తెప్పనీ ఒడ్డుకి చేర్చాడు. పోలమ్మ మొగుణ్ణి పట్టుకుని భోరున ఏడ్చింది. ఆ తర్వాత నవ్వింది. ఆ తర్వాత తిట్టిన తిట్లు నీకు చెప్పకూడదు!

ఆ పూటే సొరపుట్టు వండారు. ముత్యాలు కమ్మగా తింది. రెండు రోజులు గడిచేసరికి పసిది కడుపునిండా పాలు తాగి ఆదమరిచి నిద్రపోయింది. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నారు.

ఆ తర్వాత దానయ్య మళ్ళీ వేటకి బయల్దేరాడు. పోలమ్మ తెప్పకి అడ్డంగా నిలబడింది.

“ఎక్కడికని అడగను మావా. అడక్కూడదు గదా. నానిక్కడ కూకుని ఎటేపు సూడాలో, అది సెప్పు.”

దానయ్య ఇక తప్పక, కొత్త తెడ్డెత్తి ఏటి మొగ వైపు చూపించాడు. ఆ రోజు చేప పడలేదనుకున్నావా? తెప్ప నిండా పడింది!

అప్పట్నుంచీ ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరూ అదే అడుగుతారు, మగవాళ్ళు తెడ్డెత్తి చూపించే వెళతారు. నువ్వూ ఆటకి పోయేప్పుడు ఎటు చూడాలో నాకు చెప్పి పో, తెలిసిందా? ఇందాక నువ్వు కనబడక నాకూ ప్రాణం పోయినంత పనైంది. సరేలే, వచ్చేశావుగా. దా, ఇలా దగ్గరికి జరుగు.

కథేమో కంచికి,
తెప్పేమో ఒడ్డుకి,
నువ్వేమో అమ్మమ్మ ఒళ్ళోకి!