దబ్బనాలమ్మ కోనలో కుట్టు మొక్కు

బోదుకొండ వెనుక జీడితోటలు దాటి, మద్దిచెట్ల అడవిలో కొంతదూరం నడిస్తే దబ్బనాలమ్మ కోన వస్తుంది. ఎండ నేల మీద పడేలోపే ఆకుల్లో సగం ఆగిపోయే చోటు ఇది. పొద్దున పొగమంచులో వచ్చేవారికి ముందుగా వంకరటింకరగా సాగిన లోతైన కందకాలు కనబడతాయి. వాటి నిండా నాచు, రాలిన ఆకులు. ఆ పైన సన్నని సందుల కిటికీలతో ఒక సిమెంటు గది, తుపాకిగుళ్లకు మొహమంతా గుంటలు పడిన గోడ ఒకటి ఉన్నాయి. కొందరు ఉత్సాహవంతులు ఇదంతా పాండవుల కోట అని చెప్పి ఫొటోలు దిగుతున్నారు. పాండవులు సిమెంటు వాడినట్టు మన పెద్దలెవరూ చెప్పలేదని భక్తులకు మనవి.

కందకం చివర తాటాకుల పాక ఉంది. అందులో రాతి విగ్రహం లేదు. కొయ్య చట్రానికి వేలాడే గోనెసంచి మనిషే ఇక్కడి అమ్మవారు. లోపల గడ్డి, పైన పసుపు, ఒళ్లంతా కుట్లు. మొదటిసారి చూసినవారు కొంచెం జంకుతారు, తరువాత ఎందుకో కళ్లు తిప్పుకోలేరు.

పూర్వం ఇక్కడ ఏ ముని తపస్సూ జరగలేదు. పూర్వం అంటే కృతయుగమూ కాదు, మన తాతల కాలమే. బర్మాలో యుద్ధం ముదిరినప్పుడు, అడవిలో పోరాడడం నేర్పడానికి సైన్యం వారు ఈ కోనలో శిబిరం వేశారు. కందకాలు వారు తవ్వినవే. గోనెసంచుల్లో గడ్డి కూరి, మనుషుల్లా కట్టి చట్రాలకు వేలాడదీసేవారు. కుర్రసిపాయిలు కేకలు వేస్తూ పరుగెత్తుకొచ్చి తుపాకి కొసనున్న బాకుతో వాటిని పొడిచేవారు.

కొండ దిగువ పల్లెలో అసిరమ్మ అనే ఇల్లాలు మేకలు కాసుకునేది. ఆమె భర్త పైడయ్య ఓడెక్కి బర్మాలోని రంగం, అంటే రంగూన్ పట్నం వెళ్లి బియ్యపు మిల్లులో కూలి చేసేవాడు. రంగం మీద బాంబులు పడ్డాక అతని కబురు తెలియలేదు. అక్కడి మనవాళ్లు వేలాదిగా అడవులకు అడ్డంపడి కాలినడకన వస్తున్నారనీ, దారిలోనే చాలామంది రాలిపోతున్నారనీ మాత్రం తెలిసింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా అతను తిన్నాడో లేదోనని అసిరమ్మ గుండె పీకేది.

ఒకనాడు ఆమె మేకల వెంట కొండవాలుకు వచ్చి, చెట్ల సందుల్లోంచి ఆ వేలాడే బొమ్మలను చూసింది. అంతదూరం నుంచి అవి నిజం మనుషులనే అనుకుంది. దొంగలను పట్టుకుని పొడుస్తున్నారు కాబోలనుకుని చెట్టు చాటుకు తప్పుకుంది. సిపాయిలు వెళ్లిపోయాక, ఎవరికైనా ఇంకా ఊపిరి ఉందేమోనని గంజిముంత పట్టుకుని దిగింది. తీరా చూస్తే గడ్డి. తన తెలివికి తానే నవ్వుకుంది. కాని పొట్ట చీలి గడ్డి బయటికి వేలాడుతున్న ఆ బొమ్మను వదిలి వెళ్లడానికి కాళ్లు రాలేదు. సంచులు కుట్టుకునే దబ్బనం కొప్పులోనే ఉంది. గోగునార పేని, గడ్డి లోపలికి తోసి, చీలిక కుట్టేసింది.

మర్నాడు సిపాయిలు మళ్లీ పొడిచారు. సాయంత్రం ఆమె మళ్లీ కుట్టింది. ఇలా రోజులు గడిచాయి. కుట్టిన చోట పొడవడానికి కుర్రవాళ్ల చేతులు జంకడం మొదలయ్యింది. శిక్షణ ఇచ్చే హవల్దారు రంగనాయకులు గారికి ఇది మహా చిరాకు తెప్పించింది. ఎవరి పనో తేల్చాలని కందకంలో దాగి కూర్చున్నారు. మునిమాపువేళ దబ్బనంతో వచ్చిన మనిషిని చూసి లేచి నిలబడ్డారు.

"అమ్మా, ఇది గడ్డిబొమ్మ. దీనికి నొప్పి తెలియదు. నువ్వు కుడితే రేపు మేం మళ్లీ పొడుస్తాం."

"గడ్డేనని నాకు తెల్దేటి బావూ. మీ కుర్రోలు పొడవడం నేర్సుకుంతన్నారు. అవతలోలూ నేర్సుకుంతారు గదా. ఆల మద్దినే మా ఇంటాయన నడిసొస్తన్నాడు. కుట్టడం నేర్సుకున్నోలు కూడా ఒకలుండాల."

ఆయన ఈ సంగతి పై అధికారికి చెప్పలేదు. మర్నాటి నుంచి చట్రం కింద గోగునార ఉండ ఒకటి పెట్టి ఉండేది.

కొంతకాలానికి సైన్యం తరలిపోయింది. ఆ కుర్రవాళ్లలో ఎందరు వెనక్కు వచ్చారో మనకు తెలియదు. తలుచుకుంటే బాధ కలుగుతుంది. అడవి మెల్లగా కందకాల్లోకి దిగింది. మిగిలిన ఒక్క బొమ్మ వానకు చివికిపోతుంటే అసిరమ్మ కుడుతూనే ఉండేది. చివరికి ఆమె కూడా విసిగిపోయింది. రంగం నుంచి వచ్చేవాళ్లంతా వచ్చేశారని ఊరివారు అన్నాక దబ్బనం చూరులో దోపి, కోన ముఖం చూడడం మానేసింది.

అప్పుడు కలలో ఆమెకు గోనెగుడ్డ చుట్టుకున్న ముసలమ్మ కనబడింది. జుట్టులో గడ్డిపరకలు, చుట్టూ పొగమంచు. "చెయ్యి ఆపకే అసిరీ. దారిలో ఉన్నాడు" అని, చీలిన తన పక్కటెముకలు చూపించింది. తెల్లవారగానే అసిరమ్మ పరుగున కోనకు వెళ్లింది. బొమ్మ ఎడమపక్క నిలువునా చీలి ఉంది. ఏడుస్తూనే కుట్టింది.

ఆ వానాకాలంలోనే పైడయ్య ఇల్లు చేరాడు. ఎముకల గూడులా ఉన్న మనిషిని మొదట మేకలు కూడా పోల్చుకోలేదు. అతని ఎడమపక్కన పొడవైన కుట్ల మచ్చ ఉంది. అడవిలో తిండి కోసం జరిగిన కొట్లాటలో ఎవరో కత్తితో చీరేశారట. మాట తెలియని ఒక కొండజాతి ఆడమనిషి నారతో కుట్టి, ఏదో పసరు పోసి, నడవగలిగేదాకా గంజి తాగించిందట.

అసిరమ్మ అంతా విని, అతనికి అన్నం పెట్టి, చేయి కడుక్కుని దబ్బనం తీసింది.

"నానొచ్చీసినాను గదే. ఇంకెవులికి కుడతావు?" అన్నాడు పైడయ్య.

"నిన్ను కుట్టిన ఆ యమ్మ మనిసి ఇంకా ఇల్లు సేరనేదేమో" అని ఆమె కోనకు బయలుదేరింది. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలం వెళ్లింది.

అందుకే ఇక్కడి మొక్కు మిగతా క్షేత్రాల మొక్కులాంటిది కాదు. తనవారు క్షేమంగా ఇల్లు చేరినవారికే దబ్బనం ఇస్తారు. వేటకు వెళ్లి తిరిగొచ్చిన మత్స్యకారుల ఇంటివారు, సెలవుపై వచ్చిన సిపాయిల తల్లులు, దూరదేశం కూలికి పోయి వచ్చినవారి భార్యలు వస్తారు. ముక్కూ మొహం తెలియని ఎవరి మనిషి కోసమో అమ్మవారికి ఒక్క కుట్టు వేసి, వెనక్కు చూడకుండా కొండ దిగుతారు. గోనె మారుస్తారు, గడ్డి మారుస్తారు, కుట్లు ఏనాడూ ఆగలేదు.

ఇంకా ఎదురుచూస్తున్నవారూ వస్తారు, వారే ఎక్కువ. పూజారిణులు అసిరమ్మ ఇంటి కోడళ్లే. దబ్బనం కోసం చేయి చాపిన మనిషిని ఆ రోజు పూజలో ఉన్న కోడలు పక్కన కూర్చోబెట్టుకుని, గంజి ఇచ్చి, తాగేదాకా ఆగి, అమ్మవారి ఒంటి మీద పచ్చినారతో మెరిసే కొత్త కుట్టును చూపిస్తుంది.

"నీ కుట్టు పడిపోనాదమ్మా. ఎవులో ఏసెల్లిపోనారు. ఇంటికెల్లు."