తాబేటి మందుకు పథ్యం

దేవుడి దయవల్ల మనకు తల నెరుస్తుంది. నెరిస్తే ఊరుకుంటాం. రాజులు ఊరుకోరు తల్లీ, అదే వాళ్లతో వచ్చిన చిక్కు!

మణిధార నది ఒడ్డున నందిరేవు రాజధానిగా వసుధేంద్రుడనే రాజు ఉండేవాడు. ఓ పొద్దున అద్దంలో ఒక్క తెల్లవెంట్రుక కనబడింది. అంతే! నిండుకొలువులో, ఆవకాయ పెట్టించమన్నంత తేలిగ్గా అన్నాడు:

"మాకు మూడు వందల ఏళ్లు బతకాలని ఉంది. ఏర్పాట్లు చూడండి."

ఆస్థాన వైద్యుడు సంజీవశర్మ లేచాడు. ఎవరైనా తుమ్మితే చాలు, మందుకు ముందు శ్లోకం చదివే మహానుభావుడు.

"ప్రభూ! తాబేలు మూడు వందల ఏళ్లు బతుకుతుంది. దాని మాంసం తింటే ఆ ఆయువు తమదే!"

"మూడు వందలని ఎలా తెలిసింది శర్మగారూ? దాని బారసాలకి తమరు వెళ్లారా?" అన్నాడు బుచ్చెన్న. కొలువులో నవ్వించడం అతని ఉద్యోగం.

రాజు నవ్వలేదు. "బుచ్చెన్నా! మా ప్రాణాలతోనా పరాచికాలు?"

నదికి వలలు పడ్డాయి. పట్టిన తాబేళ్లన్నీ కోటలో నీళ్లతొట్లలోకి చేరాయి. మొదటి ముద్దకు శర్మగారు ముహూర్తం పెట్టారు. ఆ మర్నాడు ఇసుక తిన్నె తవ్వి, గుడ్లు తీసి, లేహ్యం వండాలట!

ఈలోగా రేవు కంపు కొట్టడం మొదలెట్టింది. చచ్చిన చేప చచ్చినచోటే తేలుతోంది. బిందెలతో వచ్చిన ఆడవాళ్లు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వెనక్కి పోతున్నారు. బుచ్చెన్న భార్య అచ్చమాంబ ఖాళీ బిందె అతని ముందు దబ్బున పెట్టింది.

"ఊరంతటికీ ఇవే తాగునీళ్లు. మూడు వందల ఏళ్లు మీ రాజుగారొక్కరే బతుకుతారు కాబోలు, మేం వారం కూడా బతకం!"

ముహూర్తం రోజున బుచ్చెన్న మూతపెట్టిన రెండు బుట్టలతో కొలువుకొచ్చాడు.

"ప్రభూ, చిన్న సందేహం. మన నదిలో నీటికుక్కలు తాతల నాటి నుంచీ తాబేళ్లనే తింటున్నాయి. ఒక్క నీటికుక్కైనా నూరేళ్లు బతికినట్టు వినలేదే?"

రాజు శర్మ వైపు చూశాడు. శర్మ పకపకా నవ్వాడు.

"వెర్రివాడా! నీటికుక్క పథ్యం చేస్తుందా? పథ్యం లేని మందు మందే కాదు!"

"చక్కగా సెలవిచ్చారు. మరి ఈ మందుకి పథ్యం ఏమిటండీ?"

శర్మగారు ఆ సంగతి ఆలోచించనే లేదు. కానీ నిండుసభలో పథ్యం లేదనగలడా? మన అమ్మమ్మ అల్లం ముక్క చేతిలో పెట్టినా "గుమ్మడికాయ తినకురా" అనే కదా పెడుతుంది!

"ఏ ప్రాణి ఆయువు కావాలో, ఆ ప్రాణి తినేదే మూడు పూటలా తినాలి," అన్నాడు గొంతు సవరించుకుని. "తాబేలు తామరతూళ్లు తింటుంది. సాత్వికాహారం! ఆచారం ప్రకారం పథ్యంలో మొదటి ముద్ద వైద్యుడిదే. నేనే తిని చూపిస్తాను!"

"అయితే తాబేళ్లనే అడుగుదాం," అని బుచ్చెన్న ఒక తొట్టి కొలువులోకి తెప్పించాడు. శర్మగారు సాత్వికమే చెబుతారని ముందే ఊహించినట్టున్నాడు, ఒక బుట్టలోంచి లేత తామరతూళ్లు తీసి ఈ పక్క వేశాడు. రెండో బుట్ట మూత తీశాడు. రామ రామ! రేవులో కుళ్లిన చేపలు. సేనాపతి పరదా వెనక్కి పారిపోయాడు.

ఆకలిమీదున్న తాబేళ్లు మెడలు చాచి చేపల మీద పడ్డాయి. ఒక్కటంటే ఒక్కటి తామరతూళ్ల మొహం చూడలేదు. బుచ్చెన్న వినయంగా వంగాడు.

"శర్మగారూ, విస్తరి వేయమంటారా?"

"కానివ్వండి," అన్నాడు రాజు ముక్కు మూసుకునే. "ముహూర్తం దాటిపోతోంది."

శర్మ ఒక్క ఉదుటున వెళ్లి రాజుగారి చెయ్యి పట్టుకుని నాడి చూశాడు.

"అయ్యయ్యో! తమది పైత్య తత్వం ప్రభూ! తాబేలు తమకి పడదు. మాంసం పడదు, గుడ్డు పడదు, పులుసు అసలే పడదు!"

కొలువంతా గొల్లుమంది. రాజు కిరీటం జారేలా నవ్వాడు.

"బుచ్చెన్నా, ఇంత కంపు ఎక్కడ సంపాదించావయ్యా?"

"తమరి రేవులోనే ప్రభూ. జీతం బత్తెం లేకుండా ఆ రేవు ఊడ్చే ఉద్యోగుల్ని తమరు తొట్టిలో కూర్చోబెట్టారు."

రాజు నవ్వు ఆపి, మెడలో హారం తీసి బుచ్చెన్న మెడలో వేశాడు. "ఇంకేం కావాలో అడుగు."

"ఇసుక తిన్నె ప్రభూ. నాక్కాదు. పురుటికొచ్చే తాబేటి తల్లులకి. అక్కడ పార పడకూడదు, నదిలో వల వాటి జోలికి పోకూడదు."

"ఇచ్చాం! శర్మగారూ, వీటిని నదిలో దించి రండి. తమరి చేతులతోనే."

కొండను వీపున మోసిన కూర్మావతారం ఉందే, ఆ స్వామి కులంవారిని ఆనాడు నెత్తిన బుట్టలో పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా, శర్మగారు రేవుదాకా మోశారు. ఎంత పుణ్యం, చూడండి!