జిలానీ పంచిపెట్టిన తెల్ల పావురాలు

ఉరుసుకి ఇంకా మూడు నెలల గడువుంది. జిలానీకి మాత్రం అప్పుడే అన్నం సయించడం లేదు.

ఉరుసు నాడు దర్గా మిద్దె మీది నుంచి తెల్ల పావురాన్ని ఎగరేయడం అక్కడి ఆచారం. పావురాల గూడు చూసుకునే శిష్యుడు జిలానీ. ఆ గూట్లో ఇప్పుడు నలభై పావురాలున్నాయి. నలభయ్యీ బూడిదరంగువే.

చేసుకున్నది అతనే. దర్గాకు వచ్చినవాళ్ళు శుభమని ఒక పావురాన్ని అడిగి తీసుకెళ్ళేవాళ్ళు. అందరికీ తెల్లదే కావాలి. ఇస్తే దండాలు, పొగడ్తలు. మనవాడు ఉబ్బిపోయి, ఆరేళ్ళ పాటు తెల్లవాటినే ఏరి ఏరి పంచిపెట్టాడు. మొన్న ఆఖరిది ఒక పెళ్ళివారి వెంట వెళ్ళిపోయింది.

చివరికి మూట సర్దుకుని గురువు షా మునవ్వర్ ముందు నిలబడ్డాడు.

"హజ్రత్, మీ గురువుగారు తెచ్చిన తెల్ల జాతిని నా చేతులతో నేనే తుడిచిపెట్టేశాను. ఇంక ఇక్కడ ఏ మొహం పెట్టుకుని ఉండను? వెళ్ళిపోతాను."

గురువు తిట్టలేదు. "వెళుదువుగానిలే. ముందు మిద్దె మీద గూటి దగ్గరికి పద" అన్నాడు.

అక్కడికి వెళ్ళాక అడిగాడు. "వీటిలో తెల్ల తల్లులకు పుట్టినవేవో గుర్తున్నాయా?"

జిలానీకి ప్రతి పక్షీ తెలుసు. రెండు పోతుల్ని, రెండు పెట్టల్ని చూపించాడు. గురువు వాటిని రెండు జంటలుగా వేరే గూట్లో పెట్టి, "పిల్లలకు ఈకలొచ్చాక వెళ్ళు" అన్నాడు.

బూడిదరంగు వాటికి బూడిదరంగువి కాక ఇంకేం పుడతాయి? పెద్దాయనకు వయసు మీద పడిందనుకున్నాడు జిలానీ. అయినా మాట కాదనలేక ఆగాడు. మేత వేశాడు, నీళ్ళు పెట్టాడు. పెట్టలు రెండేసి గుడ్లు పెట్టాయి. నాలుగు గుడ్లూ పిల్లలయ్యాయి. కొన్నాళ్ళకు ఈకలొచ్చాయి. మూడు పిల్లలు బూడిదరంగువి. నాలుగోది మల్లెపువ్వులా తెల్లగా ఉంది.

దాన్ని అరచేతుల్లో పెట్టుకుని మిద్దె మెట్లు దూకుతూ దిగాడు జిలానీ. గుండెల మీంచి బండ దిగిపోయింది. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలియదు.

"హజ్రత్! పోయిందనుకున్నాను! ఇదెక్కణ్ణుంచి వచ్చింది?"

"పోయింది నీ కంటికి. గూటికి కాదు."

జిలానీ పిల్లను గుండెకు హత్తుకున్నాడు. "ఇకమీదట ఒక్క తెల్లదాన్ని కూడా ఎవరికీ ఇవ్వను. అన్నీ బూడిదరంగువే ఇస్తాను."

"అదీ ఏరడమే కదయ్యా" అని నవ్వాడు గురువు.

అంతలో వాకిట్లోకి ఒక ముసలామె వచ్చి, పావురం కావాలంది. గురువు ఆ పిల్లను తన చేతుల్లోకి తీసుకుని జిలానీని పెద్ద గూటి దగ్గరికి పంపాడు. వెనకే వెళ్ళి, పిల్లను దాని తల్లి దగ్గర వదిలి, తన భుజం మీది తువ్వాలు అతని కళ్ళకు కట్టాడు.

"ఇప్పుడు ఇవ్వు."